ఆడి గాలిలో పైచదువు

ఆడి మాసంలో, అంటే ఆషాఢపు రోజుల్లో, కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ వైపు పోయే రైలులో కిటికీ పక్క చోటుకు ఎవరూ పోటీపడరు. పడమటి గాలి కరిసల్ నేల మీది నల్లని పొడిని ఎత్తి తెచ్చి కళ్ళల్లో, నోట్లో, మూతి కట్టిన సంచిలోని మడతచీరలో కూడా పోస్తుంది. నేను మాత్రం ఆ చోటే కోరి కూర్చుంటాను. ఊరు దాటిన తరవాత చాలాసేపు బయట ఏదీ నిలకడగా కనిపించదు. నేల తన నలుపును గాలికి అప్పగించి బూడిద రంగులోకి జారిపోతుంది. సీమతుమ్మలన్నీ తూర్పుకు ఒరిగి, ఎవరో పిలిస్తే వింటున్నట్టు నిలబడతాయి. దూరాన గాలిమరలు కాళ్ళు లేనట్టుగా ఆ పొడిలో తేలుతూ, నిద్రలో చేతులు కదిపే మనుషుల్లా నెమ్మదిగా తిరుగుతుంటాయి. ఆ నెమ్మది చూపు చేసే మోసమని నాకు తెలుసు. రెక్క కొన దగ్గర వేగం మేమెక్కిన రైలు వేగం కన్నా చాలా ఎక్కువ. అయినా చూసిన ప్రతిసారీ నా కన్ను ఆ మోసానికే ఒప్పుకుంటుంది.

ఉద్యోగకాలమంతా నేను వాతావరణాన్ని కొలిచినవాణ్ని. మెట్టసేద్యం మీద పరిశోధన జరిగే ఒక క్షేత్రంలో, ముళ్ళకంచె కట్టిన చిన్న ఆవరణ నాది. రెక్కతలుపుల తెల్ల చెక్కపెట్టెలో థర్మామీటర్లు, నేలలో పాతిన వాన గేజీ, ఎండకు ఎన్ని నీళ్ళు ఆవిరయ్యాయో చూసే వెడల్పాటి పళ్ళెం, ఒక కంబం మీద గాలికి తిరిగే మూడు గిన్నెలు. ఒకరు వచ్చి "ఈ ఏడు ఎండ ఎక్కువండీ" అంటే నాకు అది ఇంకా మాట కాదు. ఎన్ని డిగ్రీలు, ఏ తేదీన, నీడలోనా బయటా అన్నది తేలిన తరవాతే అది మాట అవుతుంది. ఈ స్వభావం వల్ల చుట్టాల్లో నాకు పెద్ద ఆదరణ లేదు గాని, నమ్మకం ఉంది. పెళ్ళి ముహూర్తానికి వాన వస్తుందా అని అడగడానికి ఇప్పటికీ ఫోను చేస్తారు.

ఆ రోజు రైలులో నా ఎదురుగా కూర్చున్నది నా చెల్లెలి కూతురు. ఎలక్ట్రికల్ ఇంజినీరు, వయసు ఇరవైతొమ్మిది. గాలిమరలను నడిపించి, చెడితే బాగుచేసే ఒక సంస్థలో పనిచేస్తోంది. పని కయత్తారు దాపున కాబట్టి వారమంతా కోవిల్‌పట్టిలో మా ఇంట్లో ఉండి, సెలవు దొరికినప్పుడు విరుదునగర్‌లోని తల్లి దగ్గరకు పోతుంది. పొద్దుగూకాక ఆమె ఇంటికి వచ్చినప్పుడు జుట్టు నిండా దుమ్ము, గోళ్ళ సందుల్లో గ్రీజు, చెవుల్లో ఇంకా గాలి హోరు. నేను ఒకమాట రెండుసార్లు చెబితే గాని వినిపించదు. అన్నం తింటూ తింటూ ఆగి, గోడ అవతలి గాలిని విని, "దిక్కు మారింది మామా" అంటుంది. నేను మేడ మీదికి వెళ్ళి చూసి వస్తాను. చాలాసార్లు మారే ఉంటుంది.

ఆ వారం ఆమె ముందు మూడు దారులు ఉన్నాయి. మొదటిది ఆమె మేనేజరు చెప్పినది: దూరవిద్యలో ఎం.బి.ఏ. చేస్తే కార్యాలయంలో కుర్చీ దొరుకుతుంది, గాలిమర కంబం ఎక్కే పని తప్పుతుంది. రెండోది మదురై దారిలో ఉన్న ఒక కళాశాలలో సాయంత్రం పూట జరిగే ఎం.ఇ. మూడేళ్ళు పడుతుంది, ఉద్యోగం ఉంటుంది. మూడోది చెన్నైలో పగటిపూట చదివే ఎం.టెక్., గాలి శక్తి మీద, వాతావరణం మీద. రెండేళ్ళు, ఉద్యోగం వదులుకోవాలి. ఆ సీటుకు ఆధారమైన ప్రవేశపరీక్ష మార్కులకు చెల్లుబాటు మూడేళ్ళు, ఇది మూడో ఏడు. మొదటి ఏడు తండ్రికి ఆపరేషనైంది. రెండో ఏడు పిలుపు రాలేదు. ఈ ఏడు సీటు వచ్చింది. ఆదివారం లోపల ఒప్పుకుంటున్నానని తెలియజేయకపోతే పోతుంది. మళ్ళీ కావాలంటే ఉద్యోగం చేస్తూనే పరీక్ష మొదటినుంచీ రాయాలి. రోజంతా కంబాలెక్కి దిగే మనిషికి అది ఎంత పనో నేను కళ్ళారా చూశాను. మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మీదనే తల వాల్చి నిద్రపోయేది. చెంప మీద అక్షరాలు అచ్చుపడేవి.

సంగతి తల్లికి చెప్పడానికే శనివారం మేమిద్దరం రైలెక్కాము.

"మామా, మీరు కొలిచిన గాలి ఎంత ఎత్తునది?" అని అడిగింది, కిటికీలో నుంచి చూపు తిప్పకుండా.

"మూడు మీటర్లు."

"మా కంబం ఎనభై."

"తెలుసు."

"తెలిసేది వేరే మామా. ఆ పైకి ఎక్కి నిలబడితే కింద ఉండే గాలికీ దానికీ సొందమే లేదు. కింద ఆకు కూడా ఆడదు, పైన మనిసిని తోసేస్తాది. ఒకోపొద్దు పైన సల్లంగా ఉంటాది, కింద అనల్. మా మిషిన్లన్నీ వచ్చిపోయిన గాలినే సెప్తాయి. వొచ్చే గాలిని సెప్పేది ఒకటీ లే."

నా ఉద్యోగమంతా నేను కొలిచినది, మనిషి చేయెత్తితే ఇంచుమించు అందే గాలి. దానికి పైన, నా గిన్నెలకు తగలకుండా, వేరే ఏదో ప్రవాహం ఇన్నేళ్ళూ మా ఊరి మీదుగా పోతూ ఉన్నదన్న మాట నాకు కొత్త కాదు. పుస్తకాల్లో చదివినదే. కాని ఆ నిమిషంలో, రైలు ఊగులో, అది మేడ మీద ఎవరో మెల్లగా నడుస్తున్న చప్పుడులా నాకు అనిపించింది. ఆమె కిటికీ ఊచకు నుదురు ఆనించి, కళ్ళు మూసుకొని, సాత్తూరు వచ్చేదాకా అలాగే ఉండిపోయింది. నిద్రపోయిందో, వింటోందో నేను తేల్చుకోలేకపోయాను.

విరుదునగర్‌లో మా చెల్లెలి ఇల్లు పప్పుల మండీ వెనక వీధిలో. ఆ వీధిలో అడుగుపెట్టగానే ఎండుమిరప ఘాటు, నూనె వాసన కలిసి ముక్కును పట్టుకుంటాయి. మా బావకు అరుప్పుకోట్టైలో దూది వ్యాపారం. ఇంట్లో ఏ పెద్ద నిర్ణయం వచ్చినా "మీ అన్ననే అడుగు" అని ఆ ఊరికి బస్సు ఎక్కేస్తారు. ఆ రోజు కూడా ఎక్కేశారు. మా చెల్లెలు వీధి చివరి అంగడి నుంచి నూనెలో వేయించిన పరోటాలు తెప్పించి, వాటిని ఆకులో ముక్కలు ముక్కలుగా పిసికి, మీద చారు పోసి మా ముందు పెట్టింది. ఇంట్లో పెద్ద మాట జరిగే రోజునే ఆమె అది పెడుతుంది కాబట్టి, సంగతి ముందే చూచాయగా తెలిసిందని అర్థం.

"సెప్పన్నా. నువ్వు సెప్తే వింటాదనే కదా నీ కాడ ఇడిసిండేది."

నేను నా లెక్క చెప్పాను. మూడు దారులకూ కాలం, వయసు, ప్రయాణం, చదువు విలువ, ఉద్యోగం విలువ అన్నీ వేరువేరుగా తూచి, ఒక్కొక్కదానికి తగిన బరువు ఇచ్చి, కూడి చూశాను. సాయంత్రపు ఎం.ఇ. మిగతా రెండిటికన్నా స్పష్టంగా ముందు నిలిచింది. ఉద్యోగం పోదు, డిగ్రీ వస్తుంది, ఇల్లు విడవనక్కరలేదు. దారి దూరాన్ని, బస్సు వేళలను కూడా లెక్కలో పెట్టాను. నా గొంతులో కొంత సంతృప్తి ఉండే ఉంటుంది.

మా మేనకోడలు వేలికి అంటిన చారు నాకుతూ విని, "మామా, ఆడి మాసంలో మన పక్కం గాలి పగలు ఏ వేళకి జాస్తి?" అంది.

ఆ ప్రశ్నకు నేను నిద్రలో కూడా జవాబు చెప్పగలను. "మజ్జాన్నం తిరిగినాక ఎక్కుతాది. పొద్దుగూకేదాకా దిగదు."

"ఆ వేళకి నేను యాడ ఉంటా?"

"కంబం కాడ."

"క్లాసు ఎప్పుడు?"

నేను పరోటా ముక్క ఆకులోనే ఉంచేశాను. మా చెల్లెలు ముందు నవ్వింది. తరవాత మా మేనకోడలు నవ్వు ఆపుకోలేక పొలమారి, నీళ్ళు తాగి, "గాలిని కొలిసిన మనిసే గాలిని మరిసిపోతే ఎట్ల మామా!" అంది. బస్సు వేళలు లెక్కపెట్టినవాణ్ని, వైగాసి చివర నుంచి పురట్టాసి దాకా, అంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా, మా పడమటి గాలి సాయంత్రాలన్నిటినీ తనకే రాసుకుంటుందన్న సంగతి లెక్కపెట్టలేదు. ఏటేటా నా చేత్తో నేనే గీసిన గీత అది. గాలి ఉన్నంతసేపూ మరలను కనిపెట్టుకొని ఉండాలి కాబట్టి, ఏడాదిలో ఆ నెలలన్నీ ఆమెకు తరగతికి పోవడం కుదరదు. పోతే పనిలో ఉండడం కుదరదు.

"అయితే ఏమి?" అని మా చెల్లెలు నవ్వు తుడుచుకుంది. "ఆపీసు సదువు ఉండాది కదా. మేనేజరే సెప్తా ఉండాడు."

"నాకి కుర్సీ వొద్దమ్మా."

"అందరికీ కుర్సీ కావాల, నీకి మాత్రం కంబం కావాల! నెల జీతం వచ్చే వేలై ఇడిసి మదరాసుకి పోతానంటావు. ఈ వయసులో. రేపు ఎవురన్నా అడిగితే నేనేమి సెప్పేది? మా అమ్మాయి మళ్ళీ కాలేజికి పోతా ఉందనా? సంబందం సూసేవాళ్ళు ఒక మాటే అడుగుతారు, వేలై ఉందా అని. ఉన్నింది, ఇడిసేసింది అని సెప్పేదా?" ఆమె చేయి గాలిలో తిరిగి, కాసేపు అక్కడే ఆగింది. "అదీ ఆడిలో! కల్యాణం సెయ్యము, ఇల్లు మారము. సదువుకి మాత్రం ఆడి మంచిదా?"

"ఆడిలోనే కదమ్మా విత్తనం ఏసేది. సామెతే ఉండాదే."

"అది నీళ్ళు పారే తోటబూమికి," అన్నాను నేను. "మన కరిసల్‌కి పురట్టాసి పోయేటప్పుడు."

"సూడు, మీ మామే సెప్పేసినాడు."

మా మేనకోడలు నా వైపు తిరిగి, "మామా, మీరు ఎవురి కట్చి?" అంది.

నాకు ఏ పక్షమూ లేదని చెప్పబోయాను. కాని అప్పటికి ఆమె ముఖంలో నవ్వు ఆగిపోయి ఉంది. ఆకు మడిచి, లేచి, చేయి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది. చాలాసేపు నీళ్ళ చప్పుడు వినిపించింది. చేయి కడగడానికి అన్ని నీళ్ళు పట్టవు.

అప్పుడు మా చెల్లెలు గొంతు తగ్గించి, "అమ్మోరినే అడుగుతాము. పువ్వు కట్టి సూస్తాము" అంది.

మా వాళ్ళలో ఇది ఉంది. మనసు రెండుగా చీలినప్పుడు కులదేవత గుడికి పోతారు. ఒక తెల్ల గన్నేరు, ఒక ఎర్ర గన్నేరు తెచ్చి, వేరువేరుగా తమలపాకుల్లో మడిచి, ఏది ఏదో తెలియకుండా నూలుతో కట్టి అమ్మవారి ముందు వేస్తారు. దీపం వెలిగించాక ఆ గడపలోకి మొదట అడుగుపెట్టిన మనిషి ఒకదాన్ని తీయాలి. తెలుపు అయితే అవును, ఎరుపు అయితే కాదు. పొలం కొనడం, బావి తవ్వడం, పెళ్ళి కుదర్చడం ఇలా తేలిన ఇళ్ళు మాలో చాలా ఉన్నాయి. సగానికి సగం అవకాశం ఉన్నదాన్ని నేను కొలత అనను. ఆ మాట చెల్లెలితో చాలాసార్లు అన్నాను, ఆ రోజు అనలేదు. నా కొలత గతి అప్పుడే చూశాం కదా.

మర్నాడు ఉదయమే ముగ్గురం బయలుదేరాము. కోవిల్‌పట్టిలో దిగి, కళుగుమలై పోయే బస్సెక్కి, కొండ కనిపించే చోట దిగి పొలాల్లో నడిచాము. అగ్గిపెట్టెల కార్ఖానాకు ఆదివారం సెలవు. ఎండకు పెట్టిన పుల్లల చట్రాలు లేక దాని ముందరి కళ్ళం బోసిగా ఉంది. ఆ దారిలో నీడ లేదు. నేల పగుళ్ళలో నుంచి గాలి సన్నగా ఈల వేస్తోంది. చెల్లెలి చీర, మేనకోడలి దుపట్టా, నా ధోవతి అన్నీ ఒకే దిక్కుకు ఎగురుతూ ఉంటే మేము నడుస్తున్నామో, గాలే మమ్మల్ని ఆరేసిన బట్టల్లా మోసుకుపోతోందో తెలియలేదు. కొండ మాత్రం పక్కకు జరగకుండా, ఎంత నడిచినా అంతే దూరంలో ఉంది. నా కళ్ళకు ఏళ్ళు పెరిగాయి కాబట్టి దూరాలు సరిగ్గా అందవని వైద్యుడు చెప్పాడు. ఆ నడకలో ఆ లోపం నాకు బాధ కలిగించలేదు.

గుడి అంటే పైకప్పు లేని నాలుగు గోడలు, నడుమ పసుపు పూసిన రాయి, పక్కన శూలం. పూజారి మాకు వరసకు పెదనాన్న కొడుకు. తలకు తువ్వాలు చుట్టుకొని గోడ చాటున కూర్చొని ఉన్నాడు. మా చెల్లెలు సంచిలో నుంచి మూడు పువ్వులు తీసింది. వాడుక ప్రకారం తెలుపు, ఎరుపు. మేనేజరు చెప్పిన ఆపీసు చదువుకు కూడా చోటు ఉండాలని ఆమే చేర్చిన పసుప్పచ్చ సేమంతి.

పూజారి సేమంతిని చూసి తువ్వాలు సవరించుకున్నాడు. "ఇదేంది మూడు? అమ్మోరేమన్నా పరీచ్చ రాస్తా ఉందా, మూడిట్లో ఒకదానికి టిక్కు కొట్టేదానికి? అవునంటాది, కాదంటాది. అంతే. ఒకటి తీసెయ్యి."

మా చెల్లెలు కూతురి వైపు చూసింది, నా వైపు చూసింది. "సరి, ఆపీసు సదువు పోనీ" అని సేమంతిని తన కొప్పులో తురుముకుంది.

"అడిగేదెవురు?"

"నేనే."

"సదివేదెవురు?"

"అది."

"అట్లయితే అదే అడగాల. మనసులో. ఒకే మాట, అవునో కాదో తేలేట్ల. పైకి సెప్పరాదు. సెప్తే మనుసుల మాట అయిపోతాది."

దీపం నిలవలేదు. పూజారి రెండుసార్లు వెలిగించాడు, రెండుసార్లు గాలి తీసుకుపోయింది. మా మేనకోడలు ఒక్క క్షణం నిలబడి, తడిచేసిన వేలు గాలిలో పెట్టి చూసి, ప్రమిదను శూలం మొదట్లోని రాతి చాటుకు జరిపింది. ఆ తరవాత అది ఆరలేదు. ఆమె మోకాళ్ళ మీద కూర్చొని కళ్ళు మూసుకుంది. నేనూ గాలి వినిపించే దిక్కుకు చెవి పెట్టి నిలబడ్డాను. ఆ నాలుగు గోడల లోపల అది నీళ్ళ చప్పుడులా ఉంది, ఎక్కడో లోతున పోతున్న నీళ్ళు. నా జీవితంలో నేను కొలవని సమయం ఏదైనా ఉంటే అది అదే. ఎంతసేపు గడిచిందో ఇప్పటికీ చెప్పలేను.

గడపలోకి మొదట వచ్చినది ఒక మేకల ఆమె. మేకలను గోడ చాటుకు తోలి, విభూది కోసం లోపలికి వచ్చి, మమ్మల్ని చూసి ఆగింది.

"ఒకటి తియ్యమ్మా" అన్నాడు పూజారి.

"ఏమిది, లాటరీయా?"

"అమ్మోరి కాడ లాటరీ ఏంది! తియ్యి."

ఆమె వంగి, రెండు మూటలనూ చూసి, ఒకదాని మీద చేయి పెట్టబోతుండగా ఆమె నడుములోని ఫోను మోగింది. "ఉండు" అని ఫోనుతో అని, రెండోదాన్ని తీసి పూజారి చేతిలో పెట్టి, మాట్లాడుతూ బయటికి వెళ్ళిపోయింది. పూజారి నూలు తెంచి ఆకు విప్పాడు. ఎర్ర గన్నేరు.

మా చెల్లెలు "అమ్మా, తల్లీ" అని చెంపలు వేసుకుంది. సంతోషం దాచుకోలేకపోయింది. మేకల ఆమె వెనక వెళ్ళి రెండు అరటిపళ్ళు, సగం టెంకాయ బలవంతంగా చేతిలో పెట్టింది. నేను మా మేనకోడల్ని చూశాను. ఆమె కళ్ళు తెరిచి ఆ పువ్వును చూసింది. రైలెక్కినప్పటి నుంచి బిగబట్టి ఉన్న ఆమె భుజాలు మెల్లగా కిందికి దిగాయి.

తిరుగుదారిలో కోవిల్‌పట్టి బస్టాండు దగ్గర టీ తాగడానికి కూర్చున్నాము. మా చెల్లెలు ఇంటికి పోయి చేయవలసిన పొంగలి గురించి మాట్లాడుతోంది. మా మేనకోడలు వేరుశనగల కడలైమిఠాయి ముక్క కొరికి, దాన్ని బుగ్గన పెట్టుకొనే ఫోను తీసి, ఏదో తెరిచి, చదివి, బొటనవేలితో ఒకచోట నొక్కింది.

"ఏమి సేస్తా ఉండావు?"

"సీటు ఒప్పుకుంటా ఉండా."

మా చెల్లెలి చేతిలో టీ గ్లాసు నోటి దాకా రాలేదు. "అమ్మోరు వొద్దనిందే!"

"దేన్ని వొద్దనిందమ్మా?"

"వేలై ఇడిసేదాన్ని!"

"నేను అది అడగలే. సాయంత్రం క్లాసులో సేరేదా అని అడిగినా. వొద్దనింది."

"అట్లయితే ఆపీసు సదువు..." అని మొదలుపెట్టిన మా చెల్లెలి చేయి దానంతట అదే కొప్పు మీదికి పోయింది. సేమంతి అక్కడే ఉంది. పక్క బల్ల మీద కూర్చున్న ఇద్దరు మా వైపు తిరిగి చూశారు. ఆమె గొంతు తగ్గించింది. "నిజంగానే అదే అడిగినావా? అమ్మోరి ముందర?"

"అమ్మోరి ముందర అబద్దం సెప్పి నేను ఎనభై మీటర్ల కంబం ఎక్కుతానా?"

మా చెల్లెలు నా వైపు తిరిగింది. "అన్నా, నువ్వు పక్కనే ఉన్నింటివి. నువ్వు సెప్పు."

నా వద్ద లేని అంకెను నేను ఎన్నడూ రాయలేదు. గేజీ పగిలిన రోజున ఎంత వాన పడిందని పైవాళ్ళు నిలదీసినా ఆ గడిని ఖాళీగానే వదిలాను. పక్క ఊరి వానను చూసి ఉజ్జాయింపుగా ఏదో వేసెయ్యమన్న సలహాను పాటించలేదు. ఒక మనిషి మనసులో అడిగిన ప్రశ్నకు ఏ గేజీ ఉంటుంది? మా చెల్లెలు ఎదురుచూస్తోంది. ఆమె అడుగుతున్నది కూతురు అబద్ధమాడిందా అని మాత్రమే కాదని, ఈ బరువును ఒక్కతే మోయాలా అని కూడా అడుగుతోందని, అన్నగా నాకు తెలిసింది.

"దాని మనసులో ఏముండెనో నాకి తెలీదు," అన్నాను. "ఎర్రపువ్వు వచ్చినప్పుడు దాని ముకం సూసినా. ఆశ పోయిన ముకం కాదు అది."

"అదేమి సాచ్చి?"

"అంతే ఉండాది నా కాడ."

మా చెల్లెలు టీ తాగింది. చల్లారిపోయిందని దాన్ని తిట్టింది. కాసేపటికి, ఎవరితోనూ కాదన్నట్టు, "ఆడి పదునెట్టుకి బయలుదేరితే దోసం లే" అంది. ఆ నెలలో ఆ పద్దెనిమిదో రోజు ఒక్కటే మాకు మంచిది. తేదీ చూసి చెప్పమని నన్ను అడిగింది. నేను చెప్పాను. తరగతులు మొదలయ్యే రోజు దాని తరవాతే పడింది. మా మేనకోడలు మిఠాయి నమలడం మానేసి, బల్ల కింద నుంచి తల్లి చేయి పట్టుకుంది. చెల్లెలు ఆ చేయిని విదిలించలేదు. "గోళ్ళల్లో ఆ గ్రీజు పోయేట్ల కడుగు, ఆడ మంచి మంచి పిల్లోళ్ళు సదువుతారు" అని మాత్రం అంది.

ఆడి పద్దెనిమిదో రోజుకు ముందునాటి మధ్యాహ్నం నేను విరుదునగర్‌లోనే ఉన్నాను. లోపలి గదిలో మా మేనకోడలు పెట్టె సర్దుకుంటోంది. ఉద్యోగానికి రాజీనామా పంపేసింది. ఆ తరవాత రాత్రుళ్ళు కోవిల్‌పట్టిలో మా మేడ మీద నిలబడి కయత్తారు వైపు గాలిమరల ఎర్రదీపాలను చూసేదని నాకు తెలుసు. తప్పు చేశానేమోనన్న భయం ఆమెకూ ఉండి ఉండాలి. నేను అడగలేదు. వీధిలో మిరపకాయల బస్తాలు దింపుతున్నారు. గాలికి ఇల్లంతా ఘాటు నిండి, ఎండ గదిలో పలచని ఎర్రపొరలా ఆడుతోంది. ఆ పొరలో పెట్టె, మడతబట్టలు, ఆమె చేతులు అన్నీ నీళ్ళ అడుగున ఉన్నట్టు నెమ్మదిగా కదులుతున్నాయి.

ఎదురింటామె గడప దగ్గరికి వచ్చి, ఇన్నాళ్ళూ మేమందరం భయపడిన ప్రశ్నే అడిగింది.

"ఏమక్కా, మీ అమ్మాయి వేలై ఇడిసేసిందంటనే? మళ్ళీ సదువంట?"

లోపల మా మేనకోడలి చేతులు ఆగిపోయాయి.

"మేమా పంపేది?" అంది మా చెల్లెలు, చేటలోని పప్పు చెరుగుతూ, చేయి ఆపకుండా. "పువ్వు కట్టి అడిగితిమి. సాయంత్రం సదువు వొద్దు, పగటి సదువుకే పొమ్మనింది అమ్మోరు. ఆ మాట దాటేదానికి మనమెవురు?"

"అమ్మోరికి ఈ కాలేజి సంగతంతా తెలుసా?"

"తెలీకుండానా! ఇది సదివేది గాలి గురించి. ఆడి అంటేనే అమ్మోరి మాసం, ఆ గాలి ఎవురిది మరి?"

ఎదురింటామె "అదీ నిజమే" అంది. లోపల మా మేనకోడలు దుపట్టా అంచు నోటికి అడ్డం పెట్టుకొని, చప్పుడు కాకుండా, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. తరవాత పెట్టె మూత మూసి, దాని మీద తానే కూర్చొని, తాళం వేసింది.